నూటికి నూరుపాళ్ల ఎదురుచూపు

సర్కారు ఏ పనినైనా చేయకుండా ఉండగలదు గానీ, పనిలేకుండా మాత్రం ఒక్క క్షణం ఉండలేదు. ఈ మహాసూత్రాన్ని మనుషులు తరతరాలుగా ఆఫీసుల్లో పాటిస్తూనే ఉన్నారు. అయితే ఒక యంత్రం దీన్ని తనంతట తాను ఒంటబట్టించుకుని, మనుషులకంటే నిష్ఠగా పాటించి చూపించింది 1992లో, కరీంనగర్‌లో, జిల్లా సమాంతర గణన కేంద్రంలో.

సమాంతర గణన అనగానే భయపడాల్సిందేమీ లేదు. ఒక పెద్ద లెక్కను నాలుగు ముక్కలు చేసి నాలుగు కంప్యూటర్లకు పంచితే, అవి మధ్యమధ్య ఒకదాన్నొకటి పలకరించుకుంటూ పనిని తొందరగా ముగిస్తాయి. పెళ్లింట్లో నలుగురు కూర్చుని వంకాయలు తరిగినట్టన్న మాట. (వంకాయల దగ్గర కూడా ఆలస్యమయ్యేది పలకరింపుల వల్లనే.)

ఆ కేంద్రానికి అప్పగించిన పని మరమగ్గాల కార్మికులకు గుర్తింపు కార్డులు ఇవ్వడం. ఒకే మనిషి రెండు ఊళ్లలో కార్డు తీసుకోకుండా, కరీంనగర్, చొప్పదండి, హుజూరాబాద్, ధర్మపురి పేర్ల జాబితాలను ఒకదానితో ఒకటి పోల్చి చూడాలి. అందుకని ఊరికొక కంప్యూటరు ఇచ్చి, నాలుగింటినీ టెలిఫోను తీగలతో కలపాలని పథకం వేశారు. ఒక్క కంప్యూటరు వారం రోజుల్లో చేసే పనిని నాలుగూ కలిస్తే రెండు రోజుల్లో చేస్తాయని అందులో రాశారు. కలవడానికి ఎన్నాళ్లు పడుతుందో రాయలేదు. అది పథకం పరిధిలోకి రాదు.

పథకంలో ఏడో నిబంధన ఒకటి ఉంది. "మిగతా మూడు యంత్రాలూ లైనులోకి వచ్చేదాకా ఏ యంత్రమూ పని మొదలుపెట్టరాదు. అలాగని ఖాళీగానూ ఉండరాదు." ఈ రెండు వాక్యాలనూ ఏకకాలంలో పాటించడం మనిషికి కష్టమే గానీ, హైదరాబాదు నుంచి వచ్చిన ప్రోగ్రాం అవలీలగా పాటించింది. మిగతా మూడూ వచ్చాయా అని అడగడం, రాలేదని తెలుసుకోవడం, వెంటనే మళ్లీ అడగడం. సెకనుకు లక్షసార్లు.

ఈ అడుగుడును రోజంతా కూర్చుని చూసే ఉద్యోగం పర్శరాములుది. ఇరవై ఆరేళ్లవాడు, టెంపరరీ ఆపరేటరు, చొప్పదండి నుంచి రోజూ ఎర్రబస్సులో వచ్చిపోయేవాడు. తండ్రి చిన్నప్పుడే పోతే అన్న సాంబయ్యే పెంచాడు. సాంబయ్యకు రెండు సాంచెలున్నాయి. (మరమగ్గాన్ని ఆ దిక్కు అందరూ సాంచె అనే అంటారు.) ఒక సాంచె మీద వచ్చిందంతా ఇంటికి, రెండో దాని మీద వచ్చిందంతా తమ్ముడి చదువుకు అని లెక్క పెట్టుకుని, పద్నాలుగేళ్లు నేసి, ఇతన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు.

ఇప్పుడు ఆ రెండు సాంచెలకే ఎసరొచ్చింది. దసరా దాటితే గుర్తింపు కార్డు లేనివాళ్లకు నూలు ఇవ్వబోమని నేతకార్మికుల సొసైటీ ప్రకటించింది. నూలు లేకపోతే సాంచెలు ఆపి, ఇల్లు విడిచి, మహారాష్ట్రలోని భీవండికి పోయి పరాయివాడి సాంచె నడపాలి. సాంబయ్యకు యాభై దగ్గర పడుతున్నాయి. అయినా ఆ ఇంట్లో ఎవరూ దిగులు పడలేదు. "కార్డులిచ్చే ఆఫీసుల మనోడే ఉన్నడు, మనకేం ఫికర్," అని వదినె సత్తమ్మ వాడంతా చెప్పుకుంది. పర్శరాములు కూడా మొదటి రెండు నెలలు ఆ మాటే నమ్మాడు.

యంత్రం పెట్టిన నాడే తెరమీద ఓ మూలన ఒక అంకె కనిపించింది. ప్రాసెసరు వినియోగం, వంద శాతం. కేంద్రానికి ఉప సంచాలకులైన బాలకిషన్‌రావు గారు ఆ అంకెను చూసి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు. హుజూరాబాద్ దగ్గర యాభై ఎకరాల ఆసామి ఆయన. పొలంలో గానీ ఆఫీసులో గానీ అటువంటి అంకె ఎన్నడూ చూసి ఎరుగరు.

"ఇరువై రెండేండ్ల సర్వీసుల నూటికి నూరు పనిచేసెటోన్ని చూడలేదయ్యా పర్శరాములు," అన్నారాయన. "అది గూడ చాయ్ తాగకుంట."

"సార్, అది పని చేస్తలేదు. ఎదురుచూస్తున్నది," అన్నాడు పర్శరాములు.

"ఎదురుచూసుడు పని గాదా? నేను ప్రమోషను కోసం ఏడేండ్ల సంది చేస్తున్నది ఏంది మరి?"

ఆ రోజు నుంచి అటెండరు ముత్తయ్యకు కొత్త విధి ఏర్పడింది. గంటకోసారి యంత్రం వీపు మీద, జ్వరమొచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టు చెయ్యి పెట్టి చూసి, రిజిస్టరులో "వేడి: బాగా ఉన్నది" అని రాయాలి. మూడు నెలల్లో రిజిస్టరు నిండింది, రెండోది తెప్పించారు. ముత్తయ్య తడి తువాలను యంత్రం వెనకాల ఆరేసుకునేవాడు. ఆ కేంద్రం ప్రజలకు చేసిన మొదటి సేవ అదే.

ప్రతి శనివారం చేత్తో రాసిన వినియోగ నివేదిక హైదరాబాదుకు వెళ్లేది. కరీంనగర్ వంద, చొప్పదండి వంద, హుజూరాబాద్ వంద, ధర్మపురి సున్నా. ధర్మపురి సున్నా ఎందుకైందంటే, అక్కడి ఇన్‌చార్జి దయాకర్‌రావు గదికి టెలిఫోను రాలేదు. టెలిఫోను రానప్పుడు పెట్టె విప్పడమెందుకని ఆయన దాని మీద దుప్పటి పరిచి, గుడికి వచ్చిన యాత్రికులు ఇచ్చిపోయిన పులిహోర తిని, మధ్యాహ్నం పూట కునుకు తీసేవాడు. మూడు యంత్రాలు మూడు ఊళ్లలో చెమటోడ్చి ఎదురుచూస్తున్నది ఈ పెట్టె కోసమే.

నివేదిక చూసిన సంచాలకుల కార్యాలయం దయాకర్‌రావుకు మెమో పంపింది. తోటి యంత్రాలు అహోరాత్రులు శ్రమిస్తుండగా మీ యంత్రం సోమరితనానికి సంజాయిషీ ఇవ్వండి అని. దయాకర్‌రావు బెదిరిపోయి, దుప్పటి మడిచి, పెట్టె విప్పి, కరెంటు తీగను గోడకు తగిలించాడు. టెలిఫోను లేకపోయినా యంత్రం వెంటనే మిగతా మూడింటి కోసం అడగడం మొదలుపెట్టింది. వినియోగం వంద శాతం. మరుసటి శనివారం నాటికి హైదరాబాదు నుంచి అభినందన లేఖ వచ్చింది. ఇప్పుడు నాలుగూ ఒకదాని కోసం ఒకటి నూటికి నూరుపాళ్లు ఎదురుచూస్తున్నాయి కనుక, పథకం సంపూర్ణంగా అమల్లోకి వచ్చినట్టు ప్రకటించారు.

మరి ధర్మపురి టెలిఫోను కోసం పెట్టిన దరఖాస్తు ఏమైనట్టు? పర్శరాములు వారం రోజులు ఫైళ్లన్నీ తిరగేశాడు. చివరికి అది కరీంనగర్ యంత్రం కడుపులోనే దొరికింది. ఆఫీసు ఉత్తరాలన్నీ ఆ యంత్రమే అచ్చు వేయాలని ఉత్తర్వు. అచ్చు పని వరుసలో కార్డుల తర్వాతి స్థానం ఆ దరఖాస్తుది. అంటే ధర్మపురి వస్తే కార్డులు, కార్డులు అయితే దరఖాస్తు, దరఖాస్తు పోతే టెలిఫోను, టెలిఫోను వస్తే ధర్మపురి. (ఇందులో తప్పు ఎవరిదని అడక్కూడదు. ప్రతి ఒక్కటీ తన వంతు కోసం పద్ధతిగా ఆగి ఉంది.)

దసరా మూడు వారాలుందనగా సాంబయ్య ఒకనాడు ఆఫీసుకు వచ్చాడు. తమ్ముడి కొలువు చూడటం అదే మొదటిసారి. చెప్పులు బయట విడిచి వచ్చి, చల్లటి గదిలో ఓ మూల నిలబడి, చాలాసేపు యంత్రం చప్పుడు విన్నాడు.

"ఏం జేస్తున్నది తమ్మీ గిది?"

"ధర్మపురి వచ్చిందా అని అడుగుతున్నదన్నా."

"వచ్చిందా?"

"రాలే."

"మల్ల?"

"మల్ల అడుగుతున్నది."

సాంబయ్య వంగి యంత్రానికి చెవి ఆనించాడు. నేతగాడికి కళ్లకంటే చెవులే ముందు చూస్తాయి. లేచి, తల ఊపి అన్నాడు, "దీని పేక తెగింది గదరా."

యంత్రానికి పేకేమిటో పర్శరాములుకు అర్థం కాలేదు.

"అడ్డం పోగు తెగిన సాంచె గూడ గిట్లనే ఆడుతది. సప్పుడు గదే, కరెంటు గదే, వేడి గదే. బట్టే రాదు. గందుకే పోగు తెగంగనే సాంచెను ఆపెటందుకు ఇంత కొక్కెం ఉంటది. మల్ల పోగు పెట్టేదాక అది కదలది. దీనికి గా కొక్కెం లేదా?"

"లేదన్నా."

"ఎవడు చేసిండో గని, కూలి తెల్వనోడు చేసిండు. కూలి బట్టకిస్తరు, సప్పుడుకిస్తరా?" అని సాంబయ్య చెప్పులు తొడుక్కున్నాడు. పోతూ పోతూ, కార్డు సంగతి అడుగుదామని నోరు తెరిచి, తమ్ముడి ముఖం చూసి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే పర్శరాములును బాధపెట్టింది.

ఆ ఆదివారం అతను ధర్మపురి బస్సెక్కాడు. దయాకర్‌రావు అరుగు మీద పత్రిక చదువుతున్నాడు.

"సార్, మీ దిక్కు సాంచెలోళ్లు ఎంతమంది ఉన్నరు?"

"పదకొండు మంది."

"పదకొండు వందలా?"

"పదకొండు మందేనయ్యా. గీ పదకొండు పేర్లకు ఫోనెందుకు, కాయిదం మీద రాసిస్త, జేబుల పెట్టుకపో." రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాడు. నాలుగు నెలలుగా మిగతా మూడు యంత్రాలూ కోట్లసార్లు అడిగిన సమాచారం పర్శరాములు అంగీ జేబులో మడతపడి, కిటికీ పక్క సీటులో కరీంనగర్ చేరింది.

సోమవారం పొద్దున అతను ప్రోగ్రాంలో నాలుగు వరుసలు మార్చాడు. ఫోను మోగేదాకా పడుకో, మోగితే లే, ఈలోగా చేతిలో ఉన్న పని చూసుకో అని దాని సారాంశం. కొక్కెం పెట్టాడన్న మాట. చొప్పదండి, హుజూరాబాద్ ఫోన్లు ఒక్కోసారి మోగి, వాటి జాబితాలు వచ్చేశాయి. పదకొండు పేర్లూ తనే కొట్టాడు. నాలుగు ఊళ్ల రెండువేల చిల్లర పేర్లను పోల్చడం నలభై నిమిషాల్లో అయిపోయింది. రెండు ఊళ్లలో పేరున్నవాడు ఒక్కడు దొరికాడు, అతనూ చనిపోయి రెండేళ్లయింది. సాయంత్రానికి కార్డులన్నీ అచ్చయ్యాయి. వాటి వెనకే, ఇన్నాళ్లూ వరుసలో నిలబడ్డ టెలిఫోను దరఖాస్తు కూడా అచ్చయి బయటపడితే, ముత్తయ్య దాన్ని మిగతా ఉత్తరాలతో కలిపి పోస్టులో వేశాడు. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

సాంబయ్య కార్డును సత్తమ్మ దేవుని గూట్లో పెట్టి బొట్టు పెట్టింది. ఆ రాత్రి ఆ ఇంట్లో సర్వపిండి చేశారు. పర్శరాములు జీవితంలో మొదటిసారి, తాను చదివిన చదువు అన్నకు పనికొచ్చిందని సంతోషపడ్డాడు.

సంతోషం శనివారం దాకా నిలిచింది. ఆ వారం నివేదికలో కరీంనగర్ వినియోగం నాలుగు శాతం అని ఉంది. జవాబుగా హైదరాబాదు నుంచి మనిషే మెమో పట్టుకుని వచ్చాడు. వంద నుంచి నాలుగుకు పతనమైనందుకు సంజాయిషీ ఇవ్వాలి. మిగిలిపోయిన తొంభై ఆరు శాతం యంత్రాన్ని ఆదిలాబాదుకు ఎందుకు తరలించరాదో మూడు రోజుల్లో తెలపాలి. యంత్రంతో పాటు చల్లగదీ, జీపూ, వాటి నిష్పత్తిలో ఉప సంచాలకులూ కదలవలసి ఉంటుంది.

బాలకిషన్‌రావు గారు చెమటలు పట్టి కూర్చున్నారు. ఆయన చెడ్డ మనిషి కారు. ఆదిలాబాదు చలి పడదు, అంతే.

"గంత మంచిగ పనిచేసేదాన్ని పండవెట్టినవేందయ్యా?"

"సార్, పని అయిపోయింది. కార్డులు వచ్చినయి."

"నాలుగు శాతం తోని వచ్చిన కార్డులు కార్డులెట్లయితయి? తొంభై ఆరు శాతం పరిశీలన జరగలే గద."

పర్శరాములు ఒక ఉపాయం చెప్పాడు. "ఒక పని చేస్త సార్. కార్డుల పని నడవనిద్దాం. పక్కన ఉత్తగనే హెచ్చవేతలు చేస్తూ ఉండమంట. మీటరు వంద చూపిస్తది."

ఉప సంచాలకులు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అబద్ధం ఆడమంటున్నవా? సర్కారుకు తప్పుడు లెక్క చూపమంటున్నవా? ముప్పై తరాల నుంచి మా ఇంట్ల గసుంటి పని ఎవలూ చేయలే. మనం చూపే వంద నికార్సయిన వంద ఉండాలె. పాత ప్రోగ్రాం పెట్టు. నీ పర్మనెంటు ఫైలు నా టేబులు మీదనే ఉన్నది, అది గూడ యాది పెట్టుకో."

కార్డులను రద్దు చేయడానికి ఆయనకు మనసొప్పలేదు. కాబట్టి మధ్యేమార్గంగా ప్రతి కార్డు మీద "నాలుగు శాతం" అని ఒక ముద్ర వేయించారు. సొసైటీ కార్యదర్శి అంతయ్య నిబంధనలకు ప్రాణమిచ్చే మనిషి. ముద్రను వెలుతురుకు పట్టి చదివి, నెలకు పాతిక కిలోల కోటాలో నాలుగు శాతం లెక్కకట్టి, సాంబయ్యకు ఒక కిలో నూలు తూచి ఇచ్చాడు. రసీదు మాత్రం పూర్తిదే ఇచ్చాడు.

మర్నాడు పొద్దున పర్శరాములు అన్న దగ్గరికి వెళ్లాడు. రెండు సాంచెలూ ఆగి ఉన్నాయి. సాంబయ్య వాటికి నూనె పోస్తున్నాడు.

"అన్నా, నేను నౌకరి ఇడిసిపెడత. పాత ప్రోగ్రాం నా చేతులతోని పెట్ట."

"ఇడిసిపెట్టి?"

"నేను గూడ నేస్త."

"దేంతోని? కిలో నూలుతోనా?" సాంబయ్య నవ్వాడు. తర్వాత నవ్వడం మాని, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "పద్నాలుగేండ్లు నేసింది నువ్వు మల్ల ఈడికొచ్చి కూసుంటవని గాదు తమ్మీ. నువ్వు నౌకరి చేస్కో. నేను భీవండికి పోత. పరాయోని సాంచెనే, కాదంట్లేను. గని ఆడ పోగు తెగితే సాంచె ఆగుతది."

సత్తమ్మ లోపల మూట కడుతూనే ఉంది. ఆమె గూట్లోంచి కార్డు తీసి, బొట్టు తుడిచి, మూటలో అడుగున పెట్టింది. ఎక్కడైనా పనికొస్తుందేమోనని ఆశ. పర్శరాములు బస్టాండు దాకా పోయి, బస్సు కదిలాక ఏడ్చాడు. తర్వాత ఆఫీసుకు వెళ్లి, నాలుగు వరుసలూ కొట్టేసి, పాత ప్రోగ్రాం పెట్టాడు. ఆ మధ్యాహ్నమే ముత్తయ్య "వేడి: మళ్లీ వచ్చినది" అని రాసి, తువాలు ఆరేసుకున్నాడు.

ఫిబ్రవరిలో ధర్మపురికి టెలిఫోను వచ్చింది. ఆ నాలుగు శాతం సోమవారం నాడు పోస్టులో పడ్డ దరఖాస్తు ఫలించింది. నాలుగు యంత్రాలూ ఒకదాన్నొకటి పలకరించుకుని, నలభై నిమిషాల్లో పని ముగించి, మునుపటి కార్డులే మళ్లీ అచ్చు వేశాయి. చనిపోయినతను కూడా మళ్లీ దొరికాడు. ఈసారి ముద్ర "వంద శాతం". నిర్విరామ నిరీక్షణ వల్లనే ఇది సాధ్యమైందని సంచాలకుల కార్యాలయం బాలకిషన్‌రావు గారికి శాలువా కప్పింది. పర్శరాములు పర్మనెంటు అయ్యాడు.

కార్డులను ఎవరికి వాళ్లే స్వయంగా వచ్చి పది రోజుల్లో తీసుకోవాలి. పర్శరాములు భీవండికి తంతి ఇచ్చాడు. సెలవు దొరకలేదని సాంబయ్య పోస్టుకార్డు రాయించాడు. మార్చిలో మిగిలిపోయిన కార్డుల జాబితా తయారైంది. ఒక్కొక్క పేరు ఎదుట కారణం రాయాలి. ఉప సంచాలకులు ఏడో నిబంధన ముందు పెట్టుకుని ఒక్కొక్కటే చెబుతుంటే, పర్మనెంటు ఆపరేటరు పర్శరాములు టైపు చేశాడు. నూట పన్నెండో పేరు దగ్గర అతని చేతులు ఒకసారి ఆగి, మళ్లీ కదిలాయి.

"చొప్పదండి సాంబయ్య: వేచి ఉండే పనిని మధ్యలో వదిలేసి, భీవండికి బట్ట నేయడానికి వెళ్లిపోయినందున, ఇతన్ని పనిలేనివాడిగా నమోదు చేసి, కార్డు రద్దు చేయడమైనది."